ఒక్క పొయ్యి చాలన్న టీచరమ్మగారు

మా టీచరమ్మగారు పోయారు. తెనాలి వెళ్దామని రేపల్లె బస్టాండులో నిలబడి ఉంటే, ఏళ్ళ తరబడి ఆమెని మా వైపు ఎక్కించుకొచ్చిన కండక్టరు బస్సు దిగొచ్చి చెప్పాడు. "అక్కా, పొయ్యిల టీచరమ్మగారు తెల్లారుజామున బాపట్లలో పోయారంటక్కా." నా బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను బెంచీ మీదే ఉండిపోయాను. ఏడుపు కన్నా ముందు నాకు భయం వేసింది. ఆమెకి నేను చెప్పిన అబద్ధం ఒకటి ఉంది. ఇక దాన్ని దిద్దుకునే దారి లేదు.

ఆమె బాపట్లలో సైన్సు చెప్పేవారు. ఎనభైల చివర్లో ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి, సముద్రం ఒడ్డున ఉన్న మా పాలేనికి వచ్చేవారు. నల్లబల్ల లేదు, పుస్తకం లేదు. ఎవరి వంటింట్లోనో పీట వేసుకుని కూర్చుని అడిగేవారు.

"ఏంటమ్మా, ఈ పొగంతా ఎటు పోతుందంటారు?"

"ఆకాశంలోకండి" అనేవాళ్ళం.

"ఆకాశానికి దొడ్డితలుపు లేదమ్మా, అవతలికి తోసెయ్యడానికి. పొగలో పోయిన బొగ్గు అక్కడే ఉండి ఎండ వేడిని పట్టి ఉంచుతుంది. మీ ఉప్పునీటి ఒడ్డున పెరిగే మడచెట్టు ఆ బొగ్గుని తింటుంది. దాన్నే నరికి పొయ్యిలో పెడితే తిన్నదంతా కక్కుతుంది."

టీ ఇస్తే తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించేవారు. వద్దంటే వినేవారు కాదు.

మా అమ్మకి దగ్గు. అందుకని మొదటి పొగలేని పొయ్యి మా ఇంట్లోనే వేశారు. బంకమన్నులో ఊక కలిపి తొక్కి, మట్టి గొట్టాన్ని గోడలోంచి బయటికి తీశారు. మడ కట్టెల ఖర్చు సగానికి తగ్గింది. అమ్మ దగ్గూ తగ్గింది. ఏడాది తిరిగేసరికి పాలెంలో దాదాపు అందరిళ్ళలోనూ అదే పొయ్యి.

మరుసటి వానాకాలం మా తాటాకు కప్పులకి పురుగు పట్టింది. అన్నంలో పొడి రాలడం మొదలైంది. పొగ తగిలితేనే తాటాకు నిలుస్తుందని మాలో చిన్నపిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆమెకి ఒక్కరమూ చెప్పలేదు! అంత చదువుకున్నావిడకి మనం చెప్పేదేంటని ఊరుకున్నాం. మర్యాదట, మర్యాద! ఆ మర్యాదే మా కొంప ముంచింది. ముందు మా అమ్మే రోకలి తీసుకుని గొట్టం పగలగొట్టింది. వారంలో అందరూ అదే పని చేశారు.

ఆదివారం ఆమె వచ్చి, వీధిలో పడున్న పెంకులు చూశారు. ఎవరినీ తిట్టలేదు.

"నేర్పాలన్న తొందరలో మిమ్మల్ని అడగడం మర్చిపోయానమ్మా. తప్పు నాదే" అన్నారు.

కాదండీ, తప్పు మాది అనడానికి నాకు నోరు రాలేదు. తర్వాత మూడేళ్ళు, వారానికోసారి కప్పుకి వేపాకు పొగ పట్టిద్దాం, పొయ్యి మాత్రం మళ్ళీ వేసుకోండి అంటూ ఇల్లిల్లూ తిరిగారు. "మళ్ళీ మొదలెట్టింది ఈవిడ" అని మావాళ్ళు నవ్వారు. ఒక్క గొట్టం మళ్ళీ లేవలేదు. అమ్మ దగ్గుతూ దగ్గుతూనే పోయింది.

పోయిన నెల ఆమెని చూడ్డానికి బాపట్ల వెళ్ళాను. మంచంలో ఇంతే మనిషి అయిపోయారు.

"ఎవరింట్లోనైనా ఉందామ్మా, ఆ పొయ్యి?"

"ఉందండీ. మా ఇంట్లో ఉంది. దాని మీదే వండుతున్నాను."

ఆ ముఖం చూస్తూ లేదని చెప్పలేకపోయాను. "ఒక్కటి చాలమ్మా. చూసినవాళ్ళు వేసుకుంటారు" అని నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

దహనం అయిన మర్నాడు నా పొయ్యి తవ్విపారేశాను. బంకమన్ను తెచ్చి, ఊక కలిపి తొక్కాను. గొట్టం నోరు ఎన్ని వేళ్ళ వెడల్పు ఉండాలి? ఇరుకైతే పొగ వెనక్కి తన్నుతుంది, వెడల్పైతే మంటంతా లాగేస్తుంది. అంతవరకే గుర్తుంది. పాలెంలో ప్రతి తలుపూ తట్టి అడిగాను. "మాకేం తెలుసే, అన్నీ ఆవిడే చేసేది కదా" అన్నారు. ఇంటికొచ్చి కూర్చున్నాను. చేతుల మీద మట్టి ఎండిపోతోంది.