మందులబావ నవలలో ఎవరుండాలి

బ్రేకుగారికి ఆ పేరు పెట్టింది ఆయన చేతిలో పరీక్ష తప్పినవాళ్ళే. డ్రైవింగ్ లైసెన్సు కోసం వచ్చినవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, ఒళ్ళో మార్కులు వేసే అట్ట పెట్టుకుని, "బ్రేకు... బ్రేకండీ... అయ్యో, బ్రేకు!" అంటూ సగం జీవితం గడిపిన మనిషికి ఇంకేం పేరొస్తుంది లెండి! ముక్కుసూటి మనిషి. సిఫార్సు అంటే ఆయనకి ఒళ్ళు మంట. ఒకసారి పై అధికారి కూతురు పరీక్షలో ప్లాస్టిక్ కోన్‌ని గుద్దేసింది. ప్రాణం లేని కోనే కదా, వదిలెయ్యమన్నాడు అధికారి. "రేపు అక్కడ ప్రాణమున్నది నిలబడుతుంది సార్" అని ఈయన ఆ అమ్మాయిని ఫెయిలు చేసేశాడు. ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నారు. అందరికంటే ఎక్కువగా ఆయనే చెప్పుకున్నాడు.

మధ్యలో ఆఫీసువాళ్ళు ఆయన్ని ఒక శిక్షణకి పంపించారు. మనసు నొప్పించకుండా తప్పు చెప్పడం ఎలా అని. ముందు మంచిమాట, తర్వాత తప్పు, చివర మళ్ళీ మంచిమాట. అప్పటినుంచి ఆయన దగ్గర తప్పినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళి, గేటు దాటాక గానీ తప్పామని తెలుసుకునేవాళ్ళు కాదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మందులబావ తన నవల పట్టుకుని వచ్చింది సరిగ్గా ఇలాంటి మనిషి దగ్గరికి.

మందులబావ అంటే బ్రేకుగారి భార్యకి అన్నయ్య. ఆసుపత్రిలో మందుల కౌంటరు వెనక, గాజుపలకకి చేసిన కన్నంలోంచి చేతులు తప్ప మొహాలు చూడకుండా ఉద్యోగం చేసినవాడు. ఆయన నోట "తిన్నాక వేసుకోండి, తినకముందు వేసుకోండి" తప్ప మూడో మాట విన్నవాళ్ళు తక్కువ. ఎవరేమడిగినా కాదనలేడు. అంతటి మెతక మనిషి, చడీచప్పుడు లేకుండా పన్నెండేళ్ళు కూర్చుని ఒక మాయల నవల రాశాడు! తొమ్మిది కోటలు, రెక్కల గుర్రాలు, అబద్ధం చెబితే తుమ్మే గుడ్లగూబ, వాటన్నిటి మధ్యలో ఆరిపోని దీపాన్ని తొమ్మిదో కోటకి చేర్చాల్సిన ఒక పడవపిల్ల, అంటే పడవ నడిపే అమ్మాయి.

కట్ట తెచ్చి బల్లమీద పెడితే బల్ల కిర్రుమంది.

"బావా, ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళాను" అన్నాడు మందులబావ. "పడవపిల్ల బాగుందన్నాడు. మిగతా జనమంతా ఎవరండీ బాబూ అన్నాడు. రెండొందలమంది పైనే ఉన్నారట. సగం మందిని తీసేసి, నెలాఖరు శుక్రవారం ఆఫీసు మూసేలోపల తెస్తే చదువుతాడట. లేకపోతే ఆ గుమ్మం తొక్కొద్దన్నాడు."

"మంచిదే కదా బావగారూ, తీసెయ్యండి."

"ఎవర్ని తీయాలో నాకు తెలియడం లేదు బావా. నువ్వు నిజం చెప్పే మనిషివి. నాకు ఇదొక్కటే మిగిలింది. ఇది అచ్చులో చూసుకోకుండా పోతే, నేను పుట్టి ఏం చేసినట్టు?"

ఆ మాటకి బ్రేకుగారు కట్టని తనవైపు లాక్కున్నాడు. ఈ పుస్తకాన్ని గట్టెక్కించే పూచీ నాదన్నాడు.

మొదటి ఆదివారం శిక్షణలో నేర్చుకున్నట్టే మొదలుపెట్టాడు. వర్ణన బాగుందన్నాడు. కోటలు కళ్ళకి కట్టాయన్నాడు. మూడో కోట రాజు ఎందుకంత కోపిష్ఠో తెలియడం లేదన్నాడు. చివర మళ్ళీ గుర్రాలు బాగున్నాయన్నాడు. మందులబావ పొంగిపోయి వెళ్ళాడు. వారం తిరిగేసరికి మూడో కోట రాజుకి గయ్యాళి తల్లి పుట్టుకొచ్చింది. ఆవిడ గయ్యాళితనానికి కారణంగా ఒక సవతి, ఆ సవతికి ఇద్దరు అన్నలు! తగ్గించవయ్యా మగడా అంటే కాపురం పెంచుకొచ్చాడు. పొగడ్తల మధ్య తప్పుని చుట్టి ఇస్తే, ఆ మనిషి చుట్టిన కాగితం దాచుకుని లోపలున్నది పారేశాడన్నమాట.

ఇక లాభం లేదని బ్రేకుగారు ఆ పద్ధతిని అవతల పారేశాడు. "బావగారూ, ఒకటే ప్రశ్న. ఈ మనిషిని తీసేస్తే పడవపిల్ల కథలో ఏం పోతుంది? ఏమీ పోదంటే తీసెయ్యడమే. ఈ సేనాధిపతి ఉన్నాడు. ఏడొందల పేజీల్లో కత్తి ఒరలోంచి తీయలేదు. వీడెందుకు?"

మందులబావ నేలచూపులు చూశాడు. "ఆయన మీ తోడల్లుడు బావా."

"అంటే?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మొదట్లో ఒక అధ్యాయం చెల్లెలికి, అంటే బ్రేకుగారి భార్యకి, చదివి వినిపించాడట. అంతే. "ఇందులో మేం లేమా అన్నయ్యా?" అని మొదలైంది. చెల్లెల్ని చుక్కలు లెక్కపెట్టే రాకుమారిని చేశాడు. ఆవిణ్ణి పెట్టి నన్ను పెట్టవా అని పిన్ని అలిగింది. పిన్ని బురదకోట మంత్రగత్తె అయింది. తోడల్లుడికి సేనాధిపతి పదవి దక్కింది. పిన్ని ఆడపడుచులు, వాళ్ళ వియ్యాలవారు, ఆఖరికి వాళ్ళ పక్కింటివాళ్ళు కూడా కిరీటాలు పెట్టుకుని కూర్చున్నారు. పాపం, కాదనడం చేతకాని మనిషి రాజ్యం నడిపితే అలాగే ఉంటుంది.

"నన్ను కూడా పెట్టారా?" అని నవ్వుతూ అడిగాడు బ్రేకుగారు.

"నువ్వడగలేదు గానీ, నేనే పెట్టాను. తొమ్మిదో కోట ద్వారపాలకుడివి. వచ్చినవాళ్ళని మూడు ప్రశ్నలడిగి వెనక్కి పంపిస్తుంటావు."

"నాకెందుకండీ ఇలాంటివి!" అన్నాడు బ్రేకుగారు. అన్నాడే గానీ, బావగారు వెళ్ళగానే ఆ పేజీలు వెతుక్కుని చదివాడు. స్నానానికి వెళ్ళి, నీళ్ళు పోసుకుంటూ ద్వారపాలకుడి మాటలు పైకి అన్నాడు. 'ఆగు! నువ్వు మోస్తున్నది దీపమా, నీ గర్వమా?' గొంతు గంభీరంగా పలికింది. నవలలో ఎక్కడైనా అసలైన సాహిత్యం ఉందంటే ఇక్కడే ఉందని ఆయనకి నమ్మకం కుదిరింది. ఆ పేజీలో ఎర్ర పెన్సిలు ఆనించలేదు.

కోత మొదలైందన్న కబురు చుట్టాల్లో గుప్పుమంది. పరామర్శకి రావడానికి తీరిక లేనివాళ్ళందరికీ బ్రేకుగారి ఇల్లు గుర్తొచ్చింది. చిన్నత్తగారు, అంటే ఆ బురదకోట మంత్రగత్తె, చేతిలో మూతపెట్టిన గిన్నెతో దిగింది.

"అల్లుడూ, నీకిష్టమని వండుకొచ్చాను. నన్నేదో తీసేస్తున్నావట?"

"మిమ్మల్ని కాదత్తయ్యగారూ, మంత్రగత్తెని."

"రెండూ ఒకటే కదా నాయనా!"

ఆవిడ నోటితో ఆవిడే అన్న మాట అది. బ్రేకుగారు నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. గిన్నె తీసుకున్నాడు గానీ, మంత్రగత్తెని కొట్టెయ్యకుండా వదల్లేదు.

తోడల్లుడు ఇంకా తెలివైనవాడు. ఏకంగా పరీక్షల మైదానానికే వచ్చాడు. కారులో కూర్చున్న కుర్రదాన్ని దింపేసి, తనే స్టీరింగు పట్టుకుని తలుపు వేసుకున్నాడు.

"అన్నయ్యా, నేను సేనాధిపతినని మా దుకాణంలో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోను?"

"కత్తి తీయని సేనాధిపతి ఎందుకు తమ్ముడూ?"

"తీయిద్దాం! ఒక్కసారి తీయించమను!"

"దిగు. ఆ అమ్మాయి పరీక్ష అవ్వాలి. అయినా అది ఒట్టి పుస్తకం. అందులో ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? చిన్నపిల్లల్లా ఏంటిదంతా?"

ఆ ముక్కనే ఇంట్లో భార్యకి కూడా చెప్పాడు. "నన్ను తీసేసినా నాకేం బాధ లేదండీ" అందావిడ. అని, వంటింటి తలుపు వేసిన తీరుకి గోడమీద గడియారం వంకరయింది. అయినా చలించలేదు మహానుభావుడు. ఎర్ర పెన్సిలు అరిగిపోయేదాకా కొట్టేశాడు. పోయేవాళ్ళెవరో గుర్తులు పెట్టి, "మిగతాది అదే ప్రశ్న వేసుకుని మీరే చూసుకోండి, మొహమాటపడకండి" అని కట్టని బావగారికి ఇచ్చి పంపించాడు.

నెలాఖరు శుక్రవారం పొద్దున్నే మందులబావ వచ్చాడు. చిక్కిపోయాడు. చుట్టాల్లో సగంమంది మాటలు మానేశారట. కానీ కట్ట సగమైంది, మనిషి మొహంలో ఏదో వెలుగు. "పట్టుకెళ్ళేముందు ఒక్కసారి చూడు బావా. నిజం చెప్పు" అన్నాడు.

బ్రేకుగారు ఆఫీసుకి సెలవు చెప్పి, వాలుకుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టి కదల్లేదు. పడవపిల్ల ఒంటరిగా నదిమీద పోతుంటే ఆయనకి ఊపిరాడలేదు. ఇన్నాళ్ళూ ఆ జనం మధ్య ఈ పిల్ల ఎక్కడ దాక్కుందో! గుడ్లగూబ తుమ్మినప్పుడు పైకి నవ్వాడు. తొమ్మిదో కోట దగ్గరపడుతుంటే సర్దుకుని కూర్చున్నాడు. పడవ ఒడ్డుకి చేరింది. పిల్ల దీపం ఎత్తి పట్టుకుంది. కోట తలుపు తెరిచే ఉంది. లోపలికి వెళ్ళిపోయింది.

వెనక్కి తిప్పాడు. ముందుకి తిప్పాడు. ద్వారపాలకుడు లేడు.

"బావగారూ, ఇక్కడేదో పేజీ జారిపోయినట్టుంది."

"లేదు బావా. నువ్వు చెప్పిన ప్రశ్నే వేసుకున్నాను. తీసేస్తే ఏం పోతుందని. ఏమీ పోలేదు. పైగా, అంత దూరం వచ్చిన పిల్లని గుమ్మంలో ఆపి ప్రశ్నలేంటి అనిపించింది. ఎలా ఉంది?"

బాగుంది. అదే వచ్చిన చిక్కు! ముందుకంటే చాలా బాగుంది. పరీక్షించేవాడికి తెలియదా? శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది బ్రేకుగారి పని. ఎంత వెతికినా తను కనబడకపోవడం, పైగా ఉండనక్కర్లేదని తేలడం ఇంత మంటగా ఉంటుందని ఆయనకి ఇప్పటిదాకా తెలియదు. గొంతు సవరించుకున్నాడు.

"బాగుంది. బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే... అంత పెద్ద కోటకి కాపలా లేకపోతే చదివేవాళ్ళు నమ్ముతారా? ఒక్క మనిషి. ప్రశ్నలు కూడా వద్దు. ఊరికే నిలబడితే చాలు."

మందులబావ ఆయన మొహంలోకి చూశాడు. నవ్వలేదు, కోప్పడలేదు. మొహంలో వెలుగు మాత్రం పోయింది. జేబులోంచి పెన్ను తీసి మూత విప్పి, "సరే బావా, ఎక్కడ నిలబెట్టమంటావు?" అన్నాడు.

లోపలినుంచి భార్య గొంతు వచ్చింది. "అన్నయ్యా, ఆయన్ని పెడుతున్నావా? అయితే నన్నూ పెట్టాలి! పిన్నికి ఫోను చేస్తున్నా ఉండు!"

మందులబావ పెన్ను కాగితానికి ఆనించాడు. రాసేస్తాడు. అడిగితే తన చావు తనే రాసుకునే మనిషి. బ్రేకుగారికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చటుక్కున లేచి, బావగారి చేతికిందనుంచి కాగితాలు లాక్కుని, కట్టకి తాడు బిగించి, ఎవరేమంటున్నా వినకుండా వీధిలోకి నడిచాడు.

ప్రచురణకర్త ఆఫీసులో తలుపులు వేసే వేళయింది. బల్ల దగ్గర గుమాస్తా కట్ట అందుకుని పైపేజీ చూశాడు.

"రచయిత మీరేనా అండీ?"

"కాదు. మా బావగారు."

"మరి మీరు?"

బ్రేకుగారు చెయ్యి చాపి కట్టకున్న తాడు ముడి బిగించాడు.

"నేను ఇందులో లేనండి" అన్నాడు.