నేనడిగినా చెప్పొద్దన్న నంబరు

సుబ్బలక్ష్మమ్మ పుట్టింది సోమేనహళ్ళిలో. మూడో తరగతితోనే బడి మాని శనక్కాయలు ఒలవడానికి కూర్చుంది. పదహారేళ్ళకు చింతామణిలో చింతపండు, ఎండుమిరప వ్యాపారం చేసే రామచంద్రప్పను చేసుకుంది. ముగ్గురు పుట్టి ముగ్గురూ నిలవలేదు. నాలుగో కాన్పు అంబిక నిలిచింది. పెళ్ళీడుకొచ్చిన ఆ పిల్ల కూడా నిరుడు జ్వరంతో వారం తిరక్కుండా పోయింది.

బిడ్డ పేరున ముక్తినాథంలో నీళ్ళు వదలాలని రామచంద్రప్ప పట్టుబట్టాడు. సుబ్బలక్ష్మమ్మకు మోకాళ్ళు సాగవు. యాత్ర బస్సులో ఆయనొక్కడే నేపాలుకు బయల్దేరాడు.

పోయేముందు బ్యాంకులో అడిగొచ్చాడు. పరాయి దేశంలో కార్డు గీకితే గీకినప్పుడల్లా ఇంత, మిషన్లో డబ్బు తీస్తే ఇంకింత, మన రూపాయిని వాళ్ళ రూపాయిగా మార్చినందుకు మళ్ళీ ఇంత కోస్తారని అక్కడి గుమాస్తా చెప్పాడట. కాటాలో చిటికెడు మిరపకాయలు ఎక్కువ తూగితే వెనక్కి తీసే మనిషి, ఊరుకుంటాడా? సరిహద్దు దాటాక కార్డు పనిచెయ్యకుండా అక్కడికక్కడే మూయించేశాడు. అక్కడ ఫోనెత్తినా ఖర్చేనని ఫోను కూడా పెళ్ళాం చేతిలోనే పెట్టి పోయాడు. రెండు మూడు రోజులకొకసారి ఎవరి ఫోనో అడిగి తీసుకుని మాట్లాడేవాడు.

పదోనాడు పొద్దున ముక్కూమొహం తెలియని గొంతు పలికింది. నాగేశ్ అట, బాగేపల్లి వాడు, బస్సులో వంట చేస్తాడట. రామచంద్రప్పకు పేగు మడతపడింది, ఆసుపత్రిలో వెంటనే కొయ్యాలంటున్నారు, ముందు డబ్బు కట్టమంటున్నారు, బస్సులో వాళ్ళంతా ఇచ్చినా చాలలేదు అన్నాడు. స్పృహ పోకముందే పిన్ నంబరు చెప్పాడట గానీ, కార్డేమో పలకడం లేదు. బ్యాంకుకు ఫోను చేసి అడిగితే, ఆయన ఫోనుకు పంపే నంబరు చెబితే తెరుస్తామన్నారట.

"మీ ఫోనుకు ఆరంకెల నంబరొకటి వచ్చింటాది, అది చెప్పమ్మా," అన్నాడు.

పోయిన ఎండాకాలం సుబ్బలక్ష్మమ్మ తమ్ముడు పాపన్న ఇలాంటి గొంతునే నమ్మి, ఇలాంటి నంబరే చెప్పి, టమాటా పంట డబ్బంతా పోగొట్టుకున్నాడు. ఆనాటి నుంచి రామచంద్రప్ప అన్నం తినేటప్పుడల్లా ఒకటే మాట. "దేవుడొచ్చి అడిగినా చెప్పొద్దు. నేనడిగినా చెప్పొద్దు."

ఫోను కట్ చేసింది. మళ్ళీ మోగితే మళ్ళీ కట్ చేసింది. మూడోసారి ఆర్పేసి బియ్యపు డబ్బాలో పెట్టి, చేటలో కందిపప్పు పోసుకుని ఏరడానికి కూర్చుంది. ఏరిన రాళ్ళు ఒకవైపు, పప్పు ఒకవైపు పోసి, కాసేపటికి రెండూ కలిపేసింది. దొంగయితే సరే, కాకపోతే? ఆ తలపు వచ్చేసరికి గంట దాటిపోయింది.

ఫోను వెలిగించిందో లేదో మోగింది. ఆయనకివ్వమని అడిగింది.

"యాడ మాట్లాడతాడమ్మా, మూతికి గొట్టం పెట్టినారు. సాయంత్రం దాకా నిలవడు అంటాండారు."

సుబ్బలక్ష్మమ్మ అడిగింది. "అప్పా, మా ఇంటాయన బనీనుకు లోపల జేబు కుట్టినా. ఏ దారంతో కుట్టినానో చూసి చెప్పు."

అవతల తిట్టొకటి వినబడింది, తర్వాత పరుగెత్తే చప్పుడు. చాలాసేపటికి ఆయాసంతో వచ్చాడు.

"బనీను కత్తిరించి పారేసినారమ్మా. చెత్తబుట్టలో వెతికినా. పసుప్పచ్చ దారం, జరీ కలిసుండాది."

అంబిక పట్టులంగా అంచు విప్పినప్పుడు మిగిలిన దారం అది.

పొద్దున వచ్చిన నంబరు చెల్లకుండా పోయింది. ఇంకొకటి పంపించుకున్నారు. ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చదివింది. నాగేశ్ తిరిగి చదివితే ఊ కొట్టింది. ఇంకొక్క మాట అడిగేలోగా లైను తెగిపోయింది.

కాసేపటికి ఫోను అదిరి బ్యాంకు మెసేజి వచ్చింది. పెద్ద మొత్తం పోయింది. దాని వెనకే చిన్న కోత, ఇంకో కోత. ఆ ఇంగ్లీషు ఆమెకు రాదు, అంకెలు వచ్చు. కోసుకోనీ, ఇల్లు గుల్లయ్యేదాకా కోసుకోనీ అనుకుంది. కోస్తున్నారంటే అక్కడ వైద్యం జరుగుతోందనే కదా.

మధ్యాహ్నమంతా ఫోను పలకలేదు. పక్కింటి మంజుశ్రీ అన్నం తెచ్చి పెడితే చెయ్యి కడగలేదు. ఆ గంటసేపు ఆర్పకుండా ఉంటే అని ఒకటే మాట అంటూ కూర్చుంది. మంజుశ్రీ కొళాయి తిప్పి పాత్రలు తోమింది.

అయిదు గంటలకు ఇంకొక మొత్తం పోయింది, వెనకే దాని కోత. మందు కొన్నారో, తెల్లగుడ్డ కొన్నారో అందులో రాసి లేదు.

నాగేశ్ నంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది.