మార్తమ్మ పిసికిన ద్రాక్షారసం

నెల నెలా చర్చిలో ప్రభువు రక్తమని అందరికీ పంచే ప్రభువు బల్లకి ద్రాక్షారసం తీసేది మార్తమ్మే. నల్లద్రాక్షలు ఉడకబెట్టి చేత్తోనే పిసుకుతుంది. మొగుడు ఏసోబు ప్రతిసారీ రుచి చూసి, "ప్రభువు రక్తం ఇంత చప్పగా ఉంటదటే? సారా నయం" అంటాడు.

ఓసారి బల్ల ముందటి శనివారం పొద్దంతా మిరపకాయలకు తొడిమలు తీసి, ఆ చేతులతోనే ద్రాక్షలు పిసికేసింది. మర్నాడు గుడిలో గుక్కెడు తాగినవాళ్లందరికీ కళ్లూ ముక్కూ కారాయి. ప్రభువు రక్తం కారంగా ఉందని అనే ధైర్యం ఎవరికుంటుంది?

"పశ్చాత్తాపం దిగొచ్చింది, స్తోత్రం!" అన్నారు పాస్టరుగారు, ముక్కు తుడుచుకుంటూ.

వెక్కిళ్లు పట్టిన ఏసోబు మోకాళ్ల మీద పడి, "ఇక చుక్క ముట్టను ప్రభువా!" అని అరిచాడు. నెలంతా ముట్టలేదు కూడా.

మళ్లీ బల్ల ముందటి శనివారం వచ్చింది. తొడిమలు తీసొచ్చిన మార్తమ్మ ద్రాక్షలు ముందేసుకుని, సబ్బు అందుకుంది. ఒక్క క్షణం ఏసోబు వంక చూసి, సబ్బును తిరిగి గూట్లో పెట్టేసింది.