పారబోయమన్న నీళ్ళు

ఇరవై ఏళ్ళుగా పాతపట్నంలో ఇంగ్లీషు టీచర్ని. పాఠంలో 'డైట్' అనే మాట వచ్చినప్పుడల్లా బోర్డు మీద దాని అర్థం రాస్తాను: మనిషి రోజూ తినే తిండి. అంబలి తాగేవాడి డైట్ అంబలి, బిర్యానీ తినేవాడి డైట్ బిర్యానీ. పిల్లలు నవ్వుతారు. "పస్తుండడం కాదురా, తినడం!" అని బల్ల మీద కొట్టి మరీ చెబుతాను. ఇంత బాగా తెలిసిన మాటని మా ఇంట్లో పాడుచేసింది నేనే.

అమ్మ కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిశాక నౌపడ నుంచి నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ ఉప్పు మడుల్లో పనిచేసిన మనిషి. పొద్దున్నే చోడంబలి, అంటే రాగి అంబలి, నంజుకోడానికి కాల్చిన ఎండు చేప, అదే ఆమె తిండి. ఆసుపత్రిలో ఒక కాగితం ఇచ్చారు. ఉప్పు తగ్గించాలి, నీళ్ళు కొలిచి తాగాలి, ఎండు చేప మానాలి, కూరగాయ ముక్కల్ని బోలెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోశాకే వండాలి. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. అమ్మకి చదువు రాదు. చప్పిడి కూర ఎందుకే అంటే డైట్ అనేదాన్ని. ఇంకో గ్లాసుడు నీళ్ళివ్వవే అన్నా డైట్. ఊరి పిల్లలకి అరగంట విడమరిచి చెప్పే నోరు, కన్నతల్లికి ఒక్క ముక్కతో సరిపెట్టేది. బడి నుంచి అలిసిపోయి వచ్చేదాన్నని ఇప్పుడు సాకు చెప్పుకుంటాను. నిజానికి అమ్మకి అర్థంకాని మాట అనడంలో నాకు కొంత గొప్పగా ఉండేది.

"తిండి పెట్టకండా ఈ డైటేటే గుంటా?" అనేది అమ్మ. నేను నవ్వేదాన్ని కూడా కాదు.

నేను బడికి వెళితే తోడుండాలని పిన్నిని, అంటే అమ్మ చెల్లెల్ని, పిలిపించాను. వంట ఆవిడదే. ముక్కలు ఉడికించి నీళ్ళు తీసెయ్యమని చెప్పాను. కూర నేను చెప్పినట్టే ఉండేది. అయినా రెండో నెలలో అమ్మ కాళ్ళు వాచాయి. రక్తపరీక్షలో పొటాషియం బాగా పెరిగిందన్నారు, గుండెకి ప్రమాదమన్నారు. "డైట్ సరిగా పాటించడం లేదు మీరు," అన్నాడు డాక్టరు, నన్నే చూస్తూ. కాపీ కొట్టి దొరికిపోయిన పిల్లలా నిలబడ్డాను. ఒళ్ళు మండిపోయింది.

పిన్ని తన కోసం తెచ్చుకున్న ఎండు నెత్తళ్ళ చేపల డబ్బా వంటింట్లో ఉంది. ఇంటికి రాగానే దాన్ని తెచ్చి అమ్మ ముందు పెట్టాను. దొంగతనంగా తింటున్నావు కదూ అన్నాను.

"ముట్టుకోనేదే. నీ మీదొట్టు."

"నా మీద ఒట్టేసి అబద్ధాలాడకు."

అనేశాను. డబ్బా తీసుకెళ్ళి వీధి చివర చెత్తలో బోర్లించాను. ఆ రోజు నుంచి అమ్మ ఏదీ కావాలని అడగలేదు. పెట్టింది తినేది, పక్కకి తిరిగి పడుకునేది. దారికొచ్చిందని సంతోషించాను, సిగ్గులేకుండా. మూడు వారాలు తిరక్కుండా ఆసుపత్రిలో అమ్మ గుండె ఆగిపోయింది.

పెద్ద దినం నాడు పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టడం మా వాళ్ళ ఆనవాయితీ. వంకాయ, ఎండు చేప కలిపి పిన్ని పొద్దున్నే వండేసింది. బతికుండగా ఒక్క ముక్క పెట్టనిదాన్ని, ఫోటో ముందు గరిటెడు పెట్టడానికి నిలబడ్డాను. ఆ పక్క పొయ్యి మీద గుమ్మడి ముక్కలు ఉడికాయి. అలవాటు కొద్దీ గిన్నె వంచి నీళ్ళు తూములో పొయ్యబోయాను. పిన్ని గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఓలమ్మ, పారబోత్తావేటే? సారమంతా దీన్లోనే ఉంటాది. మీయమ్మకి రోజూ గలాసుడు ఇచ్చీదాన్ని."

"ఏమిచ్చేదానివి?" అన్నాను.

"ఇయ్యే నీల్లు. నువ్వు తీసీమన్నావు, తీసీసేను. పారబొయ్యడానికి సేతులెలా వస్తాయే? గంజి పారబోసిన కొంపేటి మనది? 'నా కూతురు కట్టపడి తెచ్చిన కూరలు, మట్టిపాలెందుకు' అని తాగీసీది. నీరసం తగ్గుతాదని నానే సెప్పేను."

అమ్మ కిడ్నీలు తట్టుకోలేని పొటాషియం ముక్కల్లోంచి ఆ నీళ్ళలోకి దిగుతుందనే పారబోయమన్నారు. ఆ ఒక్క వాక్యం నేను ఆ ఇద్దరికీ చెప్పలేదు. గంజిలో ఉప్పు కలుపుకుని తాగి పెరిగినవాళ్ళకి, పిల్లలకి ఆ గంజే పోసి పెంచినవాళ్ళకి, సారం పారబొయ్యమంటే ఊరికే పారబోస్తారా? ఆ గంజితో పెరిగినదాన్ని, నాకు తట్టకపోవడమేమిటి?

పిన్ని మొహంలో అక్క పోయిన దిగులు తప్ప ఇంకేమీ లేదు. చెబితే ఈ మనిషి ఇక బతికినన్నాళ్ళూ తన చేతులు చూసుకుని ఏడుస్తుంది. చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఇప్పుడు చెప్పే హక్కు నాకు లేదు.

ఆవిడ ఆ నీళ్ళు గ్లాసులోకి వంచి, చిటికెడు ఉప్పు వేసి నా చేతికిచ్చింది.

"తాగు గుంటా. పది రోజులై సరైన తిండి నేదు నీకు."

తాగాను. వెచ్చగా ఉన్నాయి. రుచిగా కూడా ఉన్నాయి. అమ్మ ఎండు చేప ముట్టుకోలేదు. నా మీద వేసిన ఒట్టు నిజమే.