ఎర్ర రిబ్బన్లు విప్పిన శనివారం

మొన్న పొద్దున పేపరు తీసి విదిలిస్తే అందులోంచి ఒక రంగు కాగితం జారి నా ఒళ్ళో పడింది. నగరంలో ఏదో కొత్త మాల్‌లో మంచు మీద జారే ఆట పెట్టారట, పిల్లలకు మొదటి అరగంట ఉచితమట. బొమ్మలో ఒక అమ్మాయి ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు వెనక్కి చాపి నవ్వుతోంది. మీరైతే ఆ నవ్వునే చూసేవారేమో. నేను మాత్రం కళ్ళద్దాలు సవరించుకొని ఆ పిల్ల బూటు కిందున్న ఇనుప బద్దను చూశాను, దాని అంచులు రెండూ సమంగా ఉన్నాయా లేదా అని. అచ్చులో అది తెలియదని తెలిసి కూడా చాలాసేపు చూశాను. ఎన్నేళ్ళయినా నాకీ చూపు పోలేదు, పోదు కూడా. ఎందుకు పోదో ఇవాళ మీకు చెప్పాలనిపిస్తోంది.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, హైటెక్ సిటీ వైపు నెలకొక అద్దాల మేడ లేస్తున్న రోజులవి. ఆ వేడి మా మొయినాబాద్ దాకా వచ్చింది. కనకమామిడిలో మా అత్తగారివాళ్ళు జొన్నలు వేసే చెలకల చుట్టూ ప్రహరీలు లేచాయి, ఫామ్‌హౌస్‌ల గేట్లు వచ్చాయి, కలుపు తీయడానికి పిలిచేవాళ్ళు కరువయ్యారు. మా ఆడవాళ్ళం మెల్లగా మెహిదీపట్నం బస్సెక్కడం, అక్కడ ఇంకో బస్సు మారి ఆఫీసులకూ మాల్‌లకూ ఊడ్చే పనికి పోవడం మొదలుపెట్టాం. మా ఆయన ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడిపేవాడు. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి నా చేతికి చీపురు రాలేదు, కౌంటరు వచ్చింది. ఒక మాల్ పై అంతస్తులో చిన్న గచ్చంత మేర మంచు పరిచి, జనాన్ని దాని మీద జారనిచ్చేవారు. వచ్చినవాళ్ళకు కాలి కొలత అడిగి ఇనుప బద్దల బూట్లు ఇవ్వడం నా పని. ఆ సంగతి ఇంట్లో చెబితే మా అత్త నోటి మీద చెయ్యేసుకుంది.

"పైసలిచ్చి జారి పడుడేందే? మన వాకిట్ల పాచి మీద ఊకెనే పడ్తరు గద!"

మేమందరం నవ్వాం. ఆ ఇంట్లో ఆ పని గురించి నవ్వుకున్నది ఆ ఒక్క రోజే అనుకుంటాను.

మా పుట్టిల్లు చేవెళ్ళ. మా బాపు కొలిమి పని చేసేవాడు. కొడవళ్ళకూ గొడ్డళ్ళకూ సాన పట్టేటప్పుడు చక్రం తిప్పేది నేనూ మా చెల్లెలూ. అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి పదును చెప్పడం నాకు పలక పట్టకముందే వచ్చు. మాల్‌లో బూట్లకు సాన పట్టేందుకు సిమ్లా దిక్కునుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఉండేవాడు, అందరం ఆయన్ని మాస్టారు అనేవాళ్ళం. ఒకరోజు నేను బూటు అందిస్తూ అలవాటుగా అంచు తడిమి, ఇది పోయింది సార్ అన్నాను. ఆయన నా వంక వింతగా చూసి, మిషన్ పక్కన ఒక స్టూలు వేశాడు. అట్లా నేర్చుకున్నాను.

మనం అనుకున్నట్టు అది కత్తి కాదు. బద్ద అడుగున సన్నటి గాడి ఉంటుంది, గాడికి అటూ ఇటూ రెండు అంచులు. తిరిగే రాయి మీద బద్దను నిలువుగా నడిపిస్తే గాడి తేరుతుంది, అంచులు రెండూ లేస్తాయి. ఆ రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి ఎక్కువైతే కాలు మనిషి చెప్పిన దిక్కుకు పోదు. రెండూ అరిగితే మంచును పట్టవు, ఆగుదామని కాలు అడ్డం తిప్పినా బూటు జారుతూనే ఉంటుంది. మరీ పదునైతే కొత్తవాళ్ళ కాలు ఉన్నచోటే పట్టుకొని ముందుకు బోర్లా పడతారు. మాస్టారు తన హిందీలో ఎన్నోసార్లు చెప్పిన మాట ఒకటుంది. మొద్దుబారిన బద్ద ఏమీ చేయదని జనం అనుకుంటారు, గాయాలు ఎక్కువ దానివల్లే అవుతాయి అని. పని అయ్యాక గుడ్డతో తడి తుడవకపోతే తెల్లారేసరికి తుప్పు పట్టేది. సాన పట్టవలసిన జతలకు ఆయన ఎర్ర రిబ్బను కట్టి పక్క అరలో పెట్టేవాడు. రిబ్బనున్న బూటు ఎవరికీ ఇవ్వకూడదు. దానికి మినహాయింపు లేదు.

తర్వాత మాస్టారు సొంత ఊరికి వెళ్ళిపోయాడు. మిషన్ నాకు అప్పగించారు. చీర కొంగు దోపుకొని, కళ్ళకు అద్దాలు పెట్టుకొని నిప్పురవ్వల ముందు నిలబడితే పైకి వచ్చిన జనం ఆగి చూసేవాళ్ళు. నాకు గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి.

మా చెల్లెలి బిడ్డ గురించి చెప్పాలి. చెల్లెలిని చేవెళ్ళలోనే ఇచ్చారు, వాళ్ళది టమాటా, క్యారెట్ పండించే ఇల్లు. ఆ పిల్ల ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ మా ఇంట్లో ఉండి, మా ఆయన నడిపే బస్సులోనే కాలేజీకి పోయి చదివింది. మా రెండిళ్ళలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన మొదటి మనిషి. పిల్లలు లేని నాకు ఆ నాలుగేళ్ళూ ఉన్నారు. పొద్దున నేను జడ వేస్తుంటే అది చేతిలో పుస్తకం పెట్టుకొని పైకి చదివేది. నాకు అర్థం కాకపోయినా ఊఁ కొట్టేదాన్ని.

దానికి ఉద్యోగం వచ్చిన ఏడాదే మాల్‌కు కొత్త మేనేజరు వచ్చాడు. అప్పటికే సాన రాయి అరిగి సన్నబడింది. దాంతో గాడి సరిగ్గా తేరడం లేదు, ఒకవైపు అంచు లేస్తే రెండోవైపు లేవడం లేదు. పైగా కౌంటరునుంచి మంచు దాకా పరిచిన రబ్బరు పట్టా మలుపు దగ్గర చిరిగింది. అందరూ అక్కడ బయటపడ్డ సిమెంటు మీదే నడిచేవాళ్ళు, ఒక్క పూటలో అంచులు పళ్ళు పళ్ళుగా లేచేవి. రాయి తెప్పించమని, పట్టా మార్చమని రెండుసార్లు నోటితో చెప్పాను, ఒకసారి రిజిస్టరులో రాశాను. చూద్దాం అన్నాడు. ఎర్ర రిబ్బన్లున్న అర నిండి, బూట్లు కిందికి వచ్చాయి.

ఆ శనివారం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మొత్తం మంచును తమకే తీసుకుంది. మా పిల్ల కంపెనీయే. వారం ముందే ఫోన్ చేసి, పెద్దమ్మా, మా టీమ్‌కు నిన్ను చూపిస్త, మిషన్ నడిపేది మా పెద్దమ్మే అని చెప్పిన అంది. నేను మంచి చీర కట్టుకొని వెళ్ళాను. వాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు, రిబ్బను లేని జతలు సగం మందికి కూడా చాలలేదు. మేనేజరు కౌంటరు లోపలికి వచ్చాడు.

"అక్కా, ఆ రిబ్బన్లు తీసెయ్, అవి గూడ ఇయ్."

"సార్, అవి ఆగయి. మొద్దుబారినయి."

"వీళ్ళేమన్న పోటీలకు పోతున్నరా? గోడ పట్టుకొని నడిచేటోళ్ళకు పదునెందుకు? జల్దీ జెయ్, బయట లైన్ చూడు."

ఇంకొక్క మాట అనొచ్చు. బూట్లు ఇవ్వను పొమ్మని స్టూలు మీద కూర్చోవచ్చు. మాస్టారైతే కూర్చునేవాడు. నేను వంగి ఒక్కొక్క రిబ్బనూ విప్పాను, నా వేళ్ళతోనే. కానీ దానికంటే ముందు ఇంకో పని చేశాను. మా పిల్ల కొలత నాకు తెలుసు. ఆ కొలతలో అన్నిటికంటే మంచి జతను పొద్దున్నే తీసి, చేతి రాయితో మరోసారి నూరి, బల్ల కింద గుడ్డలో చుట్టి పెట్టాను. అది రాగానే ఆ జత ఇచ్చి, లేసులు నేనే కట్టాను. అది సిగ్గుపడి, అందరు చూస్తున్నరు పెద్దమ్మా అంది.

జరిగింది చెప్పడానికి ఎక్కువ మాటలు పట్టవు. మా పిల్ల బాగానే జారుతోంది. నడుమ ఒకసారి కూలబడింది, నవ్వుతూ లేవబోతూ కుడి అరచేయి మంచుకు ఆనించింది. దాని వెనక, దాని పక్క సీట్లో పనిచేసే అబ్బాయి వస్తున్నాడు. దాన్ని చూశాడు, ఆగుదామని కాలు అడ్డం తిప్పాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆ బద్ద మంచును పట్టలేదు, గీత కూడా పడలేదు, గాజు మీద గాజు పోయినట్టు పోయింది. అతని బరువంతా ఆ వేళ్ళ మీదుగా వెళ్ళింది. పలుచటి ఉన్ని చేతితొడుగు నిమిషంలో నెత్తురుతో నల్లబడింది. అది అరవలేదు. తన చేతిని తనే వింతగా చూసుకుంది. అరిచింది నేను.

వేళ్ళ నరాలు తెగాయన్నారు, కుట్టారు. నాలుగు వేళ్ళకూ ప్రాణముంది గానీ రెండు ఇక వంగవని మర్నాడే చెప్పారు, చూపుడువేలు, నడిమివేలు. అదే రోజు మేనేజరు నన్ను పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. బద్దలన్నీ ఆ పొద్దున పరీక్షించామని, అవి సరిగ్గా ఉన్నాయని, వచ్చినవాళ్ళకు ఆట రాక ప్రమాదం జరిగిందని అందులో ఉంది. నేను సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, కాదనను. కానీ అసలు భయం అది కాదు, చెల్లెలికి తెలుస్తుందని.

మూడో రోజు దవాఖానకు పోయేసరికి ఆ అబ్బాయి వార్డు బయట బల్ల మీద కూర్చొని ఉన్నాడు. మూడు రోజులుగా అక్కడే ఉన్నాడట. మా మరిది, పిల్ల నాన్న, మొదటి రోజే అతని కాలరు పట్టుకున్నాడని, ఆఫీసువాళ్ళు కూడా ముఖం తిప్పుకుంటున్నారని నర్సు చెప్పింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, కాలు తిప్పిన. మస్తు తిప్పిన. ఆగలే. ఎట్ల ఆపాల్నో నాకు తెల్వలే, నాదే తప్పు."

అతని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"నీది తప్పు కాదు బిడ్డా. నువ్వు మంచిగనే తిప్పినవ్. ఆ బూట్లు ఆగేటివి కావు. తెలిసి నేనే ఇచ్చిన."

అతను మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత అక్కడే గోడకు ఆనుకొని కూలబడి ఏడ్చాడు. తలుపు తీసే ఉంది, లోపల మంచం మీద మా పిల్ల, పక్కన మా చెల్లెలు. నేను లోపలికి వెళ్ళి రిబ్బన్ల సంగతి, సంతకం సంగతి మొత్తం చెప్పాను.  పిల్ల పైకప్పును చూస్తూ మెల్లగా అంది.

"నాకు మాత్రం మంచియి దాచి ఇచ్చినవ్ గద పెద్దమ్మా. అంటే మిగిలినయి మంచియి కావని నీకు తెలుసు."

అని గోడవైపు తిరిగింది.  నా అంతట నేను ఆ పిల్లకొక్కదానికీ పదును పెడితే చాలనుకున్నాను. దాని వెనక వచ్చేవాడి కాళ్ళకు ఏముందో ఆలోచించలేదు. సాన పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టి, నేను నేర్చుకున్నది ఇదీ.

జరిగింది జరిగినట్టు ఇంకో కాగితం మీద రాసి ఆ కంపెనీవాళ్ళకు ఇచ్చాను. అబ్బాయి మీద మాట తొలగింది, అంతవరకే అయింది. మాల్‌వాళ్ళూ కంపెనీవాళ్ళూ తమలో తాము మాట్లాడుకొని ముగించుకున్నారు. మేనేజరు ఇంకో చోటికి మారాడు. నన్ను రావద్దన్నారు. నేను మానేసిన వారానికే కొత్త సాన రాయి వచ్చిందని అక్కడ ఊడ్చే ఆమె చెప్పింది. మంచు ఇంకొన్నాళ్ళు నడిచి మూతపడింది. చెల్లెలు మూడేళ్ళు మా గడప తొక్కలేదు. మా బాపు పోయినప్పుడు పక్కపక్కనే కూర్చొని ఏడ్చాం గానీ, నన్ను పట్టుకొని ఏడవలేదు.

ఇప్పుడు మా దిక్కు మీరు చూస్తే గుర్తుపట్టలేరు. రోడ్డు వెడల్పయింది, మోకిల వైపంతా వరసలు వరసలుగా విల్లాలు, మెహిదీపట్నం బస్సు కోసం గంట సేపు నిలబడిన చోట్ల ఇప్పుడు కాఫీ దుకాణాలు. మా చేతుల్లో పెరిగిన పిల్లలు మేము తుడిచిన అద్దాల మేడల్లో పెద్ద సీట్లలో కూర్చున్నారు, సంతోషమే. వాళ్ళ కాళ్ళ కింద, తలల మీద, లిఫ్టు తాళ్ళలో, కరెంటు తీగల్లో ఏది అరిగిందో చూసేవాళ్ళు ఎవరో వాళ్ళకు తెలియదు, మాకూ ఎవరూ చెప్పలేదు. మన చిన్నప్పుడు కొడవలి మొద్దుబారితే ఏ కొలిమికి పోవాలో, ఎవరిని అడగాలో తెలిసేది. ఇప్పుడు అడగడానికి మనిషే కనబడడు.

మా పిల్ల ఉద్యోగం వదల్లేదు. ఎడమచేత్తో, కుడిచేతిలో మిగిలిన వేళ్ళతో పని నేర్చుకుంది. పోయినేడు మోకిలలో ఇల్లు కట్టుకొని గృహప్రవేశానికి నన్నూ పిలిచింది. పూజ అయ్యాక పంతులు తీర్థం ఇస్తుంటే అది కుడిచెయ్యి చాపింది. ఆ రెండు వేళ్ళూ వంగవు కాబట్టి అరచేయి గుంటగా ముడుచుకోదు, నీళ్ళు నిలవవు. చెల్లెలు ఎవరూ చెప్పకుండానే, మాట్లాడుతున్న మాట ఆపకుండానే, తన చెయ్యి దాని చేతి కింద పెట్టింది, ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనిలా. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. నా చెయ్యి కొంత దూరం లేచి, ముందుకు పోలేక, మళ్ళీ కొంగులోకి వచ్చింది.