ఎడమ అంచు

శొంఠి గంధం వాసన తగిలితే ఇప్పటికీ బాపు మగ్గమే గుర్తొస్తుంది. సిద్దిపేటలో మాది నేతపని. ఆ వానకాలం బాపు పొద్దున లేస్తూనే తల పట్టుకుని వాంతి చేసుకునేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఆయన నుదుటికి శొంఠి రాసి, తలకు గుడ్డ బిగించి కట్టేది. "ఎవరి కండ్లు పడ్డయో" అంటూ మిరపకాయలతో దిష్టి తీసేది.

నొప్పి తగ్గగానే బాపు మగ్గంలో కూర్చునేవాడు. చీర ఎడమ అంచున పోగులు తెగి వేలాడుతున్నా నేస్తూనే ఉండేవాడు. నేను చూపిస్తే, "ఏడ బిడ్డా? మంచిగనే ఉన్నది గదా" అనేవాడు.

తలలో గడ్డ పెరిగితే ఒక పక్క చూపు పోతుందని, బాపు పోయిన ఎన్నో ఏళ్లకు ఒక డాక్టరు చెబితే తెలిసింది.

ఒకనాడు నేను బాపుకు ఎడమ పక్కనే నిలబడి ఉండగా, "బిడ్డా, యాడికి పోయినవ్?" అని పిలిచాడు. దాగుడుమూతలు ఆడుతున్నాడనుకుని, నవ్వు ఆపుకుంటూ పలకకుండా నిలబడ్డాను.