సంతకం పక్కన టైం

మా ప్రైవేటు దవాఖానలో ఉద్యోగపు కాగితాలు రాసేది నేనే. మా దగ్గర నర్సుగా చేసిన ఒక సిస్టర్ ఎక్కడ సంతకం పెట్టినా గడియారం చూసి పక్కన టైం వేసేది. కేస్ షీట్లు రాసీ రాసీ వచ్చిన అలవాటు.

చేరిన రోజు నేను తయారుచేసిన అగ్రిమెంటును లైను లైనుకూ వేలు పెట్టి చదివింది.

"అన్నా, ఒక్క లైన్ కలుపుతవా? కాశిబుగ్గల మా అమ్మ ఒక్కతే ఉంటది, గుండె జబ్బు. ఫోనొస్తే డ్యూటీ మధ్యల పోనియ్యాలె," అంది.

"గదంత రాసుడెందుకు చెల్లె? ఫికర్ చెయ్యకు. తల్లికి బాగలేదంటే ఎవరన్న ఆపుతరా?" అన్నాను. నిజానికి మళ్లీ ప్రింటు తీయడానికి నాకు బద్ధకం. ఆమె నమ్మింది. సంతకం చేసి, పక్కన 11.10 అని వేసింది.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ ఫోను వచ్చింది. ఐసీయూలో అప్పుడు ఆమె ఒక్కతే ఉంది. "మధ్యల పోవచ్చని అగ్రిమెంట్ల ఉన్నదా?" అని మేనేజర్ నన్నే అడిగాడు. లేదన్నాను. ఇంకో సిస్టర్ వచ్చేదాకా ఆమెను కదలనివ్వలేదు.

పదిరోజుల తర్వాత వచ్చి రాజీనామా కాగితం నా బల్ల మీద పెట్టింది. కారణం దగ్గర రెండే లైన్లు.

అమ్మ పోయిన టైం 4.20.
నేను ఇల్లు చేరిన టైం 6.05.

"జర చూడన్నా," అంది మెల్లగా. "ఏమన్న రాయకుంట ఇడిసిపెట్టిన్నా?"